నలభై ఎనిమిదేళ్ళకు విన్న మాట

నా పందొమ్మిదో ఏట మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు తెనాలి. ఆ గాలి సోకిన మా వైపు కుర్రాళ్ళకు పొలం పనీ, పద్యం పాడటమూ ఒకే ఈడులో వచ్చేవి. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుణ్ణి విని పెరిగిన తరం మాది. పగలు గుమాస్తా ఉద్యోగం చేశాను, రాత్రి నాటకం ఆడాను. మొదట పద్యనాటకాలు, తరువాత పరిషత్తు పోటీలకు సాంఘిక నాటికలు. అలా 48 ఏళ్ళు గడిచాక, అరవై ఏడో ఏట, ఒక షార్ట్ ఫిల్మ్‌లో నటించాను.

మా నాటక సమాజంలో హార్మోనియం వాయించిన మిత్రుడి మనవడు దానికి దర్శకుడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు. సినిమా నిడివి 14 నిమిషాలు, షూటింగ్ 3 రోజులు. నాది మంగళగిరిలో ఒక ముసలి నేతగాడి పాత్ర. పింఛను కోసం ఆఫీసుకు వెళితే వేలిముద్రల మెషిన్ అతని వేళ్ళను గుర్తుపట్టదు. ఏళ్ళ తరబడి పనిచేసి గీతలు అరిగిపోయాయి. ఇంటికొచ్చి మగ్గం దగ్గర కూర్చుంటే, చూపు ఆనకపోయినా, అవే వేళ్ళు తెగిన పోగును తడిమి పట్టుకుని ముడి వేస్తాయి. కథంతా అంతే.

ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. కొన్ని ఆ మూడు రోజుల్లోనే తెలిశాయి. కొన్ని నలభై ఏళ్ళ కిందట తెలియాల్సినవి.

1. చివరి వరుస ఎక్కడుందో చూసుకుని నోరు విప్పాలి.

మేము నేర్చుకునే రోజుల్లో రిహార్సల్లో గురువుగారు మా ఎదురుగా కూర్చునేవారు కాదు. హాలు చివర, గుమ్మం అవతల నిలబడి వినేవారు. అక్షరం మింగితే అక్కడి నుంచే చేయెత్తి ఆపేసేవారు. పల్లెల్లో పందిరి కింద, చాపలు తెచ్చుకుని కూర్చున్న జనం ముందు, గాలివాటం చూసుకుని పద్యం ఎత్తుకోవాల్సి వచ్చేది. ఉన్న ఒక్క మైకూ సగం సీన్లలో పలికేది కాదు. అందుకని నా గొంతు ఎప్పుడూ ఆఖరి చాప మీద కూర్చున్న మనిషిని వెతుక్కుంటూ పోయేది. షూటింగ్‌లో నేను చెప్పాల్సిన మొదటి మాట, "ఈ వేళ్ళు నావే తల్లీ." చొక్కా లోపల, గుండీ పక్కన, చిన్న మైకు పెట్టారు. అలవాటు కొద్దీ ఆ మాట అన్నాను. సౌండ్ చూసే కుర్రవాడు హెడ్‌ఫోన్స్ చెవుల మీది నుంచి లాగేశాడు. దర్శకుడు దగ్గరికి వచ్చి, "తాతగారూ, మీ మాట వినాల్సింది బల్లకు అవతల కూర్చున్న అమ్మాయి ఒక్కతే" అన్నాడు. సరేనని గొంతు తగ్గించాను. మాటలో ప్రాణం పోయింది. గొంతుతో పాటు ఊపిరి కూడా తగ్గించేశానని మధ్యాహ్నానికి గాని అర్థం కాలేదు. పద్యానికి బొడ్డు దగ్గర నుంచి ఎంత ఊపిరి తీస్తామో, గుసగుసగా చెప్పే మాటకూ అంతే తీయాలి. వదిలేటప్పుడు మాత్రం పొదుపు చేయాలి. ఈ సంగతి తెలియక మొదటి పూటంతా అయితే అరిచాను, లేకపోతే నీరసంగా గొణిగాను.

2. తగ్గించమంటే తీసేయమని కాదు.

"కొంచెం తగ్గించండి తాతగారూ" అన్న మాట ఆ రోజు చాలాసార్లు విన్నాను. ఐదారుసార్లు విన్నాక పంతం వచ్చి, కనురెప్ప కూడా కదపకుండా నిలబడ్డాను. అది నటన కాలేదు, అలక అయింది. కెమెరాకు అలక కూడా కనిపిస్తుంది. రంగస్థలం మీద ప్రేక్షకుడి కుర్చీ కదలదు. మూడు గంటలూ అతను అదే దూరం నుంచి నన్ను నిలువెత్తునా చూస్తాడు. కెమెరా ఆ కుర్చీని ఎత్తి ఒకసారి వీధి చివర వేస్తుంది, ఇంకోసారి నా ముక్కుకు జానెడు దూరంలో వేస్తుంది. మనిషంతా కనిపించే షాట్‌లో భుజం వాల్చాల్సిందే. ముఖం ఒక్కటే నిండిన క్లోజప్‌లో అదే భుజం వాలిస్తే తల ఫ్రేములోంచి జారిపోతుంది, ఫోకస్ తప్పుతుంది. రెండో రోజు నుంచి ప్రతి షాట్‌కు ముందు కెమెరామన్‌ను ఒకటే అడిగేవాణ్ణి: "బాబూ, ఇందులో నేను ఎంతవరకు కనిపిస్తాను?" అతను తన ఛాతీ మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించేవాడు. అప్పుడు నా ఆంగికానికి హద్దు తెలిసేది. నేల మీద అంటించిన టేపు ముక్క దగ్గర, చూపు కిందికి దించకుండా, ఆగడం సాధన చేశాను. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు అభినయాలు మనకు చెప్పారు. నాటకంలో మొదటి మూడింటితో ఎన్నో రాత్రులు నెగ్గుకొచ్చాను. క్లోజప్‌లో ఆ మూడూ పక్కకు తప్పుకుంటాయి. నాలుగోది నా దగ్గర ఎంత ఉందో అక్కడ తేలింది.

3. చేతులకు పని తెలియకపోతే ముఖం ఎంత శ్రమపడినా దండగే.

దర్శకుడు నెల ముందే వచ్చి, "మూడు రోజులు మగ్గం దగ్గర కూర్చోండి తాతగారూ, ఏర్పాటు చేస్తాను" అన్నాడు. మంగళగిరి మాకు దూరం కాదు. అయినా ఒక్క పూట వెళ్ళి వచ్చాను. హరిశ్చంద్రుడి కోసం నేను కాటి కాపరి పని చేయలేదు కదా, ఇదెంత అనుకున్నాను. ఆ ఇంట్లో పెద్దాయన గుంట మగ్గంలో కూర్చుని కాళ్ళతో తొక్కుతూ, చేత్తో నాడె ఆడిస్తూ, నాతో పొలం సంగతులు మాట్లాడుతూనే పోగు తెగిన చోటును పసిగట్టేవాడు. చూపు మగ్గం మీద ఉండేది కాదు. తెగిన కొసలు రెండూ వేళ్ళ మధ్య చేరేవి, ముడి పడేది, అంతలోనే నాడె మళ్ళీ కదిలేది. నేను చూసి, వచ్చేసిందనుకుని లేచాను. షూటింగ్ రోజున కెమెరా నా వేళ్ళ మీదికి వచ్చింది. పోగు దొరకలేదు, దొరికితే ముడి పడలేదు, పడితే వేళ్ళు వణికాయి. తొమ్మిది టేకులు తిన్నాను. చివరికి ఆ పెద్దాయననే బతిమాలి, నా చొక్కా ఆయనకు తొడిగి, ఆయన చేతులను చిత్రీకరించారు. సినిమాకు ఆయువుపట్టు అనదగ్గ ఆ కొద్ది సెకన్లలో ఉన్న చేతులు నావి కావు. నాటకంలో నాడె ఆడించినట్టు చెయ్యి ఊపితే ప్రేక్షకుడు మిగతాది తానే ఊహించుకుంటాడు. అది అతను మనకు ఇచ్చే గౌరవం. కెమెరా ముందు పని చేయాలంటే ఆ పని వచ్చి ఉండాలి. మూడు రోజులు అడిగితే ఒక్క పూట ఇచ్చాను. ఆ బాకీ తీర్చుకునే అవకాశం ఇక రాదు.

4. కథను కెమెరా ముక్కలు చేస్తుంది. దాన్ని మనసులో కుట్టుకోవాల్సింది నటుడే.

బలిజేపల్లి వారి సత్య హరిశ్చంద్రలో కాటి సీను దగ్గరికి వచ్చేసరికి నటుడు సగం పని చేయనవసరం లేదు. రాజ్యం పోయింది, ఆలిని అమ్ముకున్నాడు, తనను తాను అమ్ముకున్నాడు. ఆ దుఃఖమంతా అంతకుముందు సీన్లలో కూడబెట్టినదే. కాటిలో జాషువా గారి పద్యం ఎత్తుకునేసరికి గొంతు దానంతట అదే బరువెక్కేది. నాటకం నన్ను మోసుకుపోయేది. షార్ట్ ఫిల్మ్‌లో మొదటి రోజు, ఉదయం ఏడు గంటలకు, తూర్పు కిటికీలోంచి వెలుతురు బాగుందని, కథలోని ఆఖరి సీన్ తీశారు. ఆఫీసులో జరగబోయే అవమానం ఇంకా షూటింగ్ కాలేదు. అది జరిగిపోయినట్టు నేను ఇంటికి తిరిగి రావాలి. ఖాళీ చేతులతో వచ్చాను, ఖాళీగానే కనిపించాను. ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తీసుకుని, ప్రతి సీనుకూ మూడు ప్రశ్నలు రాసుకున్నాను: ఇప్పుడే ఎక్కడి నుంచి వచ్చాను, ఈపాటికి నాకు ఏం తెలుసు, ఇంకా ఏం తెలియదు. ఆ మూడింటికీ జవాబు రాసుకున్న సీన్లు నిలబడ్డాయి. అదే పుస్తకంలో కంటిన్యూటీ కూడా రాసుకోవడం మొదలుపెట్టాను. ఒక షాట్‌లో కండువా ఎడమ భుజం మీద, దగ్గర షాట్‌లో కుడి భుజం మీద వేసుకున్నాను. నటన బాగున్న టేకు అందువల్ల పారేయాల్సి వచ్చింది. కండువా గుర్తు పెట్టుకోవడం ఎవరో అసిస్టెంటు పని అనుకోకండి. ఆ కండువా పాత్రది, పాత్ర మీది.

5. చప్పట్లు లేని చోట కూడా నిలబడగలగాలి.

టేకు అయ్యాక "కట్" అన్నారు. ఒకరు లైటు సర్దుతున్నారు, ఒకరు బ్యాటరీ మారుస్తున్నారు, దర్శకుడు మానిటర్‌లోకి చూస్తున్నాడు. నా ముఖం వైపు ఎవరూ చూడలేదు. రెండు మూడు షాట్లు అలాగే గడిచేసరికి లోపల కుతకుతలాడింది. "బాగుందో లేదో ఒక్కరూ చెప్పరేం బాబూ?" అని కొంచెం కటువుగానే అడిగాను. "బాగుంటేనే తరువాతి షాట్‌కి వెళ్తాం తాతగారూ" అన్నాడు దర్శకుడు. ఆ జవాబు విన్నాక పాత రాత్రులు గుర్తొచ్చాయి. పద్యనాటకంలో నటుడికి వన్స్‌మోర్ కంటే మత్తు ఇంకొకటి లేదు. కాటి సీనులో నేను పద్యం ముగిస్తాను, జనం వన్స్‌మోర్ అంటారు, మళ్ళీ ఎత్తుకుంటాను, రాగం ఇంకాస్త సాగదీస్తాను. అంతసేపూ చంద్రమతి వేసిన ఆవిడ చచ్చిపోయిన లోహితుణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఏడుపు మధ్యలో ఆపి, తలవంచుకుని కూర్చునేది. ఒళ్ళో పిల్లవాడు ఊపిరి బిగబట్టి పడుకునేవాడు. నేను రెండోసారి, మూడోసారి పాడేవాణ్ణి. తల్లి ఏడుపు చల్లారిపోయేది. మళ్ళీ రాజేయడానికి ఆవిడ ఎంత కష్టపడేదో ఒక్కనాడూ అడగలేదు. షార్ట్ ఫిల్మ్ షూటింగ్‌లో చప్పట్లు లేక ఒక్క పూట గడవడమే నాకు అంత కష్టమైతే, ఆవిడ అన్నేళ్ళు నా చప్పట్లు అయ్యేదాకా ఎలా కాచుకుందో అప్పుడు తెలిసింది. ఆవిడ ఇప్పుడు లేదు.

6. ఎదుటివారి మాట వినడమే నటనలో సగం.

రెండో రోజు మధ్యాహ్నం నా మీద క్లోజప్. అందులో నాకు మాట లేదు. ఆఫీసులో కూర్చున్న అమ్మాయి, "మెషిన్ తీసుకోవట్లేదు తాతా, రేపు రండి" అంటుంది. నేను విని ఊరుకోవాలి. కెమెరా నా వైపే ఉన్నా, ఆ వేషం వేసిన అమ్మాయి కెమెరా పక్కన కూర్చుని తన మాట ప్రతిసారీ అంతే శ్రద్ధగా చెప్పింది. ఐదు టేకులు అయ్యాయి. దర్శకుడు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "తాతగారూ, మీరు వినట్లేదు. మాట ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నారు" అన్నాడు. ఇంత సూటిగా నాతో ఎవరూ అనలేదు. నిజం కూడా అదే. నాటకంలో ఎదుటి మాట నాకు ఒక గుర్తు మాత్రమే. దాని చివరి ముక్క చెవిన పడగానే నా మాట అందుకోవాలి. అందులో ఏముందో నాకు అవసరం లేకపోయింది. ఆరో టేకులో ఆ అమ్మాయి చెప్పాల్సిన మాట మార్చింది. కావాలని మార్చిందో, దర్శకుడు చెవిలో చెప్పాడో నేను అడగలేదు. "వేళ్ళు ఒకసారి తుడుచుకుని పెట్టండి తాతా" అంది. ఆ మాట నేను ఎదురుచూడలేదు. వేళ్ళకు మురికి పట్టిందని కాదు తల్లీ, అరిగిపోయాయి అనాలనిపించింది. చేయి పంచెకు తుడుచుకున్నాను. ఆమె వైపు చూశాను. సినిమాలో ఉన్నది ఆ టేకే.

ఇంటికి వచ్చాక ఈ ఆలోచన నాటకం దగ్గర ఆగలేదు. నా భార్య పోయి అప్పటికి ఏడేళ్ళు. రిహార్సల్ నుంచి రాత్రి పదకొండుకు వచ్చేవాణ్ణి. అన్నం వడ్డిస్తూ ఆమె ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో చెప్పేది. చివరి ముక్క పట్టుకుని, "అలాగా", "చూద్దాంలే" అని అందించేవాణ్ణి. ఆమె మాటలన్నీ నాకు చెవిలో పడ్డాయి. విన్నవి చాలా తక్కువ.

7. నేర్పేవాడి వయసు లెక్కపెట్టకండి.

ఆ దర్శకుడి తాత హార్మోనియం వాయిస్తుంటే నేను పాడాను. ఆ పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆడించాను. అలాంటివాడు నన్ను దిద్దుతుంటే మొదటి రోజు మనసు ఒప్పుకోలేదు. దీనికి వెనుక ఒక పాత తప్పుంది. చాలా ఏళ్ళ కిందట మా సమాజంలో మంచి గొంతున్న కుర్రవాడొకడు సినిమా అవకాశం వచ్చి వెళ్ళిపోయాడు. పరిషత్తు పోటీకి పదిరోజుల ముందు వెళ్ళాడన్న కోపంతో, రిహార్సల్ హాల్లో అందరి ముందూ, నాటకాన్ని అమ్ముకున్నవాడు మళ్ళీ ఈ గడప తొక్కకూడదన్నాను. వాడు తొక్కలేదు. ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఆనాడు నేను చరిత్రయినా గుర్తు చేసుకోలేదు. తెలుగు సినిమాకు మొదట మాట నేర్పింది నాటకమే. 1932లో వచ్చిన భక్త ప్రహ్లాదలో నటించినవారిలో సురభి నాటకాల వాళ్ళున్నారు, లీలావతిగా నటించింది సురభి కమలాబాయి. రంగస్థల నటులు బళ్ళారి రాఘవ గారు 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలోనూ, 1939లో రైతుబిడ్డలోనూ నటించారు. నేను జీవితమంతా ఆడిన హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారే 1939లో వరవిక్రయం సినిమాలో సింగరాజు లింగరాజు వేషం వేశారు. అంతటివారు అటూ ఇటూ నడిచిన దారిలో నేను కంచె వేయబోయాను. నాటకానికి నేను చేసిన మేలు ఎంతో చెప్పలేను గాని, ఆ ఒక్క మాటతో ఒక నటుణ్ణి దూరం చేశాను.

8. నిశ్శబ్దానికి కూడా ఒక శబ్దం ఉంది.

ఆఫీసు సీన్ అయిపోయాక సౌండ్ కుర్రవాడు, "అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగండి, రూమ్ టోన్ తీసుకోవాలి" అన్నాడు. ఆ గదిలోని నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేస్తారట. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య అదే పరుస్తారట. పదిహేను మంది అర నిమిషం ఊపిరి సవరించుకుని నిలబడ్డాం. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో రెండిళ్ళ అవతల మగ్గం ఆడుతోంది. అప్పటిదాకా ఆ మగ్గం శబ్దం నా చెవిన పడనే లేదు. ఆ అర నిమిషంలో నాకు ఇంకో సంగతి తోచింది. రంగస్థలం మీద నేను నిశ్శబ్దానికి భయపడ్డాను. ఎదుటి నటుడు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే చాలు, మరిచిపోయాడేమోనని, నాటకం జారిపోతుందేమోనని, ఏదో మాట అల్లి ఆ ఖాళీ పూడ్చేవాణ్ణి. నా సమయస్ఫూర్తికి అందరూ మెచ్చుకునేవారు. వాళ్ళలో కొందరు నిజంగా మరిచిపోయి ఉంటారు. కొందరు మాత్రం ఆ క్షణంలో ఆలోచిస్తూ, అనుభవిస్తూ ఉండి ఉంటారు. వాళ్ళ నోటి దాకా వచ్చినదాన్ని నేను తోసేశాను. ఆ గది శబ్దం విలువ తరువాత ఇంకోలా కూడా తెలిసింది. రెండు సీన్లలో వీధిలో ఆటో చప్పుడు పడి, నెల తరువాత చిన్న స్టూడియోలో డబ్బింగ్ చెప్పాల్సి వచ్చింది. పెదవులకు మాట అతికింది గాని, ఆ రోజు గదిలో తీసిన ఊపిరి మళ్ళీ దొరకలేదు. అందుకే షూటింగ్‌లో సౌండ్ మనిషి "ఇంకొకసారి" అంటే విసుక్కోకండి. అతను అడిగేది మీ మంచికే.

9. మీ పనిని మీరు చూసుకునే రోజు వస్తుంది. ముఖం తిప్పుకోకండి.

రంగస్థల నటుడు తనను తాను ఎన్నడూ చూసుకోడు. అద్దంలో రంగు వేసుకున్న ముఖాన్ని చూస్తాడు, తెర పడ్డాక జనం చెప్పింది వింటాడు. 48 ఏళ్ళు నేను నా గురించి ఇతరులు చెప్పినదాన్నే నమ్మాను. చిన్న హాల్లో నలభై మంది మధ్య కూర్చుని ఆ 14 నిమిషాలు చూశాను. నాకు ఒక అలవాటుంది. ప్రతి ముఖ్యమైన మాటకు ముందు కుడి కనుబొమ్మ పైకెత్తుతాను. సినిమాలో అది ఏడుసార్లు లెక్కపెట్టాను. పోటీల్లో న్యాయనిర్ణేతలు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినే స్థితిలో ఉన్నానో లేనో. మొదటి రోజు సీన్లలో నేను నేతగాడి బట్టలు కట్టుకున్న నటుణ్ణి. పోగు ముడివేసే ఆ చేతులు తెర మీదికి వచ్చినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. అవి ఎవరి చేతులో నాకు తెలుసు. బయటికి వచ్చాక మెచ్చుకున్న ప్రతివారితోనూ ఆ మాట చెప్పాను. టైటిల్స్‌లో ఆయన పేరు వేయమని దర్శకుణ్ణి అడిగాను, అప్పటికే వేశాడు. ఇక వేళ్ళు పంచెకు తుడుచుకున్న ఆ టేకు వచ్చింది. అందులో కనుబొమ్మ లేవలేదు. ఆ కాసేపు అక్కడ నేను లేను, ఆ ముసలాయన ఉన్నాడు. ఇన్నేళ్ళకు నా నటనలో నేను గర్వంగా చెప్పుకోగలిగింది ఆ కాసేపే.

10. ఒక చోట నేర్చుకున్నది ఇంకొక చోటికి తీసుకువెళ్ళాలి, కొలత మార్చి.

మరుసటి ఏడాది శివరాత్రికి పక్క ఊళ్ళో మళ్ళీ కాటి సీను ఆడాను. గొంతు ఏమీ తగ్గించలేదు. పందిట్లో ఆఖరి చాప మీద కూర్చున్న మనిషికి నా పద్యం అందాలి, అది అతని హక్కు. ఈ సంగతి ముఖ్యంగా ఇప్పటి పిల్లలకు చెప్పాలి. కెమెరా ముందు మొదలుపెట్టి నాటకానికి వచ్చే కుర్రాళ్ళు సహజత్వం పేరుతో ఐదో వరుసకు వినపడకుండా మాట్లాడుతున్నారు. అది సహజత్వం కాదు, ప్రేక్షకుణ్ణి మరిచిపోవడం. నేను మార్చుకున్నది వేరే ఉంది. చంద్రమతి ఏడుస్తున్నప్పుడు ఈసారి నా పద్యం కోసం ఊపిరి కూడబెట్టుకోలేదు. ఆ అమ్మాయి ఏం చెప్పి ఏడుస్తోందో విన్నాను. ఎన్నో వందలసార్లు ఆడిన నాటకం, అందులో కొన్ని మాటలు మొదటిసారి విన్నట్టనిపించింది. పద్యం అయ్యాక వన్స్‌మోర్ అన్నారు. చేతులు జోడించి, ఆమె వైపు తిరిగాను. నాటకం ముందుకు సాగింది. తెర పడ్డాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఇవాళ నాకు ఏడుపు దానంతట అదే వచ్చింది" అంది. అదే మాట నాకు ఆ పాత చంద్రమతి నుంచి వినాలని ఉంది.

నాయనా, అమ్మా, మీలో ఎవరైనా రంగస్థలం నుంచి కెమెరా ముందుకు వెళుతుంటే, సంతోషంగా వెళ్ళండి. మీకు నాటకం ఇచ్చిన ఊపిరి, కంఠస్థం చేసే శక్తి, రాత్రంతా నిలబడగల ఓపిక అక్కడ అక్కరకొస్తాయి. కాకపోతే నాలాగా అరవై ఏడేళ్ళు వచ్చేదాకా ఆగకండి. నాటకం చేతికి రాగానే మనం పెన్సిలు తీసుకుని మన మాటల కింద గీతలు గీసుకుంటాం. నేను 48 ఏళ్ళు అదే చేశాను. ఈసారి పెన్సిలు పక్కన పెట్టి, ముందు ఎదుటి పాత్ర మాటలు మొదటి నుంచి చివరి వరకు చదవండి. మీ మాటలు ఆ తరువాత చదువుకోండి.